తీగలకు నేను పెట్టిన షరతులు

నేను రిటైరైన రోజు సెక్షన్ ఆఫీసు ముందు టెంటు వేశారు. మెడలో దండ వేసి, శాలువా కప్పాక, పై అధికారి మైకు అందుకుని అన్నాడు: "ఇన్నేళ్ల సర్వీసులో ఈయన మీద ఒక్క మెమో లేదు, ఒక్క రిమార్కు లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నా సర్వీసు పుస్తకం తిరగేస్తే ఇప్పటికీ తెల్లగానే ఉంటుంది. ఆ తెలుపు ఎలా వచ్చిందో, కొత్తగా లైన్‌మన్ ఉద్యోగంలో చేరి నడుముకు బెల్టు బిగించుకుంటున్న మీలాంటివాళ్లకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. స్తంభం ఎలా ఎక్కాలో శిక్షణలో చెబుతారు. ఇది చెప్పరు.

మాది పెద్దపల్లి దగ్గర ఒక ఊరు. వరి తప్ప మరో పంట పెద్దగా తెలియని చోటు. సర్వీసులో చాలా కాలం ఆ చుట్టుపక్కలే గడిచింది. రిటైర్‌మెంటుకు ఏడెనిమిదేళ్లు ఉందనగా బెల్లంపల్లి అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఒక సెక్షన్‌కు బదిలీ చేశారు. తొమ్మిది ఊళ్లు, రెండు గూడేలు, ఇద్దరం లైన్‌మన్లం. అక్కడ వానాకాలం పత్తి వేస్తారు, మక్క, అంటే మొక్కజొన్న, వేస్తారు. మక్క కంకిలో పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే అడవిపందులు దిగుతాయి. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ.

రైతు ఏం చేస్తాడంటే, చేను చుట్టూ జానెడు ఎత్తున కట్టెముక్కలు పాతి, వాటికి సన్నటి ఇనుప తీగ చుడతాడు. చీకటి పడ్డాక ఆ తీగ కొసను వెదురు కర్రతో లేపి మన లైనుకు కొక్కెంలా తగిలిస్తాడు. అంతే. దాన్ని తాకిన పంది తాకినచోటే పడిపోతుంది. తాకింది పందో మనిషో తీగకు తెలియదు.

అది నేరమని తెలియని రైతు ఆ తొమ్మిది ఊళ్లలో ఒక్కడు లేడు. కరెంటు దొంగతనం ఒక చట్టం కింద, అడవి జంతువును చంపడం ఇంకో చట్టం కింద. ఏటా పంటకాలం మొదట్లో పంచాయతీ గోడ మీద మేమే నోటీసు అంటించేవాళ్లం. మైదాపిండి గిన్నె పట్టుకుని నాకు సాయంగా నిలబడ్డవాడి చేనులోనే కొక్కెం ఉండేది. అది అతనికి తెలుసు, నాకూ తెలుసు. "జర మీదికి అంటియ్యి సారు, కిందికుంటే మేకలు తింటయ్" అనేవాడు.

మొదటి ఏడాది నేను బాగా ఉత్సాహంగా ఉన్నాను. పొద్దు పొడవక ముందే బండేసుకుని పోయి, లైను వెంట నడుస్తూ, కనిపించిన కొక్కేన్నల్లా పీకేవాణ్ని. తీగ చుట్టలు చుట్టి తెచ్చి ఆఫీసు గది మూలన పడేసేవాణ్ని. నాలుగు వారాల్లో మోకాలెత్తు కుప్ప అయ్యింది. మరుసటి ఏడాది చూస్తే కుప్ప సగం కూడా లేదు. ఒక చేనులో పీకిన తీగకు నేను గుర్తుగా పూసిన నీలం రంగు ఇంకా అంటుకుని ఉంది. మేం జప్తు చేసిన తీగే తిరిగి చేనుకు చేరింది. ఎవరిచ్చారో అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

నాతో పాటు ఉన్న రెండో లైన్‌మన్ వయసులో నాకంటే పెద్ద. కరీంనగర్ టౌనులో పుట్టి పెరిగిన ముసల్మాను. అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. నా ఆవేశం చూసి ఒకరోజు చాయ్ తాగుతూ అన్నాడు: "అరే భాయ్, ఎందుకు పరేషాన్ అయితవ్? మొన్న గాలిదుమారంల పది స్తంభాలు పడ్డయ్. ఎవలు లేపిండ్రు? గీ రైతులే గదా, తాళ్లేసి గుంజిండ్రు. నువ్వు దినాం ఆళ్ల తీగలు పీకినవంటే, రేపు నీకు నిచ్చెన వట్టెటోడు దొరకడు."

"మరి మనిషి చస్తే?"

"సస్తే సస్తడని అంటలేను. నువ్వు కాయిదం రాసి పైకియ్యి. నీ పని నువ్వు చేసినట్టు."

రాశాను. రెండు పేజీలు రాసి ఏఈ సారుకు ఇచ్చాను. ఆయన కుర్రతనం ఇంకా పోని ఇంజనీరు, మంచివాడే. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరి చేను అన్నది సర్వే నంబరుతో కావాలి. హుక్ ఉండగా ఫొటో కావాలి. ఊరివాళ్లు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి. పెడతారా?" అన్నాడు. తొమ్మిది ఊళ్లలో ఎవరు పెడతారు? సాక్షి చేనులోనూ అదే తీగ. కాగితం ఫైలులోకి పోయింది. ఆయనను తప్పుపట్టను. ఆయన కింద నాలుగు సెక్షన్లు ఉన్నాయి, నాలుగింటిలోనూ ఇదే కథ.

రెండో ఏడాది మక్క కోతకు వస్తున్న రోజుల్లో ఒక పొద్దున ఒకాయన చేనులో కొక్కెం పీకి తీగ తీసుకొచ్చేశాను. నలభై ఏళ్ల మనిషి. తండ్రి, భార్య, తమ్ముడి భార్య, ఆమె కూతురు, అందరికీ ఆ చేనే ఆధారం. తమ్ముడు గల్ఫ్‌లో ఏదో కంపెనీలో తాపీపని. మరునాడు పొద్దున ఆ రైతు సెక్షన్ ఆఫీసుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "జర నాతోని రా సారు" అని చెయ్యి పట్టుకుని చేనుకు తీసుకుపోయాడు.

ఎకరన్నర మక్క చాపలా పరుచుకుని ఉంది. ఒక్క మొక్క నిలబడి లేదు. కంకులు సగం కొరికి వదిలేసి ఉన్నాయి. వాళ్ల బాపు గెట్టు మీద కూర్చుని, పడిపోయిన కర్రల్లో నుంచి లేత కంకులు ఏరి ఒళ్లో వేసుకుంటున్నాడు.

"నిన్న నువ్వు పీకినవ్, నిన్న రాత్రే వడ్డయ్," అన్నాడు రైతు. "మంచె మీద పండుకుని పళ్లెం కొట్టిన. పళ్లెం చప్పుడుకు ఎన్నడో అలవాటయినయ్ అవ్వి. పోయినేడు గుడ గిట్లనే అయితే, అడవి ఆఫీసుకు పోతే పంట నష్టం రాస్తరన్నరు, పోయిన. పాసుబుక్కు దెమ్మన్నరు. భూమి ఇంక మా తాత పేరు మీదనే ఉన్నది. తాతను ఏడికెళ్లి తేవాలె సారు?"

చట్టం ప్రకారం నేను చేసింది సరైన పని. ఆ సరైన పని ఫలితం నా ముందు నేల మీద పరుచుకుని ఉంది.

అక్కడే, ఆ గెట్టు మీదే, నేను నా జీవితంలో పెద్ద తప్పు చేశాను. అప్పుడది దయ అనిపించింది, తెలివి కూడా అనిపించింది.

"చూడు," అన్నాను. "ఎట్లయినా పెడతారు. పెట్టేదేదో జాగ్రత్తగా పెట్టండి. ఊరు సద్దుమణిగిన తర్వాతే తగిలించాలి. మబ్బులనే, తెల్లారక ముందే, లేచి తీసెయ్యాలి. నడిచే బాటకు అడ్డంగా రానీయద్దు. తీగకు పది అడుగులకొక తెల్ల గుడ్డ కట్టాలి, చీకట్లో కనిపించేటట్టు. పక్క చేనోళ్లకు ముందుగా చెప్పాలి. ఇవి తప్పనంత వరకు నేను పీకను."

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ మాట తొమ్మిది ఊళ్లకూ పాకింది. ఊరూరా తీగలకు తెల్ల గుడ్డలు కనిపించాయి. పాత పంచెలు, చిరిగిన బనీన్లు, ఒకచోట ఏదో పార్టీ బ్యానరు చింపి వెనకవైపు తిప్పి కట్టారు. పొద్దున నేను పోయేసరికి కొక్కేలు ఉండేవి కావు. ఎక్కడైనా షరతు తప్పితే ఆ తీగ పీకేవాణ్ని. ఊరివాళ్లే తప్పు చేసినవాణ్ని తిట్టేవాళ్లు. నోటీసు అంటించినన్నాళ్లు ఎవరూ వినని ఊళ్లు, చట్టాన్ని పద్ధతిగా మీరడం ఎలాగో నేను చెబితే బుద్ధిగా విన్నాయి.

భాయ్‌కి చెప్పాను, కాస్త గొప్పగానే. ఆయన ముఖం మారిపోయింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గిది మంచిగ చేయలే నువ్వు."

"ఎందుకు? ఇప్పుడు ప్రమాదం తగ్గింది కదా."

"చూడనట్టు ఉండుడు వేరే భాయ్, ఒప్పుకునుడు వేరే. ఇన్నొద్దులు తీగ ఆళ్లది. ఇయ్యాలటి సంది గది నీది గుడ."

నేను నవ్వాను. ఆ మరుసటి సంవత్సరం ఆయన రిటైరై కరీంనగర్ వెళ్లిపోయాడు.

రెండు సీజన్లు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. నాకు లోపల గర్వం పెరిగింది. చట్టం చేయలేనిది నేను చేశాననుకున్నాను. పక్క సెక్షన్ లైన్‌మన్లు అడిగితే ఎలా నడిపించాలో వాళ్లకూ చెప్పాను.

మూడో సీజన్‌లో ఆ రైతు తమ్ముడు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. నాలుగేళ్ల తర్వాత రావడం. వచ్చిన రెండో రోజు ఊళ్లో నాకు ఎదురైతే అన్ననే పరిచయం చేశాడు: "మా తమ్ముడు సారు. గీయన మన లైన్‌మన్ సారు, మనకు మస్తు మంచిగ చూస్తడు." తమ్ముడు నవ్వి చెయ్యి కలిపాడు. సన్నగా, ఎండకు కమిలిపోయిన మనిషి. తనను విడవకుండా చొక్కా కొస పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూపించి, "నేను పోయేటప్పుడు పాకుతుండె సారు. ఇప్పుడు నన్ను ఎవలని అడుగుతుంది" అన్నాడు. అంతే, ఆయనతో నేను మాట్లాడింది.

నాలుగో రోజు పొద్దున్నే సబ్‌స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఊరి పేరు చెప్పి, ఒక మనిషి షాకు కొట్టి పడ్డాడన్నారు. ఆ ఊరికి కరెంటు ఆపించి బండి తీశాను. దారి పొడవునా ఎవరై ఉంటారో అని కాదు, ఏ షరతు తప్పి ఉంటారో అని ఆలోచించాను. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పోలీసుల కంటే ముందే చేరాను. గల్ఫ్ తమ్ముడు. పక్క చేనువాళ్ల బోరు దగ్గర, మోటరు స్టార్టర్ డబ్బా కింద వెల్లకిలా పడుకోబెట్టి ఉంది శవం. తల కింద ఎవరిదో తువ్వాలు. అన్న కాస్త దూరంలో మట్టిలో కూర్చుని ఉన్నాడు. మక్క చేను చుట్టూ కట్టెముక్కలు పాతినవి పాతినట్టే ఉన్నాయి, తీగ లేదు. పైకి చూశాను. లైను మీద కొక్కెం ఇంకా వేలాడుతోంది. తొందరలో తీగ కోసేసి కొక్కేన్ని మరిచిపోయారు.

శవం దగ్గర వంగి చూశాను. స్టార్టర్ కొడితే చేతులు కాలుతాయి. ఆయన రెండు చేతులూ మామూలుగా ఉన్నాయి. లుంగీ కింద రెండు కాళ్ల ముందువైపు, ఒకే జానెడు ఎత్తులో, గీత గీసినట్టు నల్లటి మచ్చ.

అన్న నన్ను చూసి మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు.

"తమ్ముడచ్చిండని నిన్న దావత్ చేసుకున్నం సారు. నాకు సోయి లేదు. మబ్బుల లేవలే. ఆడు ఆడి కంపెనీల అలవాటుకు జల్ది లేచి చేను సూస్తనని ఒక్కడే వచ్చిండు. ఎవ్వలకు చెప్పలే. ఆనికి తెల్వది సారు, గీ గుడ్డల సంగతి ఆనికి ఎవ్వలు చెప్పలే. నువ్వు చెప్పినట్టే చేసిన, గుడ్డలు గట్టిన, బాటకు అడ్డం రానియ్యలే, నువ్వు చెప్పినట్టే..."

"నోరు ముయ్‌రా," అని వాళ్ల బాపు గట్టిగా అన్నాడు. చుట్టూ ముప్పైమంది దాకా ఉన్నారు. ఎవరూ నా వైపు సూటిగా చూడలేదు. ఆ తెల్ల గుడ్డలు ఊరివాడికి హెచ్చరిక. నాలుగేళ్ల తర్వాత వచ్చినవాడికి పిట్టల కోసం కట్టిన గుడ్డలు. ఆ మాట నాకు అంతకు ముందు ఒక్కసారి కూడా తట్టలేదు.

ముసలాయన నన్ను పక్కకు తీసుకుపోయాడు. ఏడవడం లేదు. మనిషి అంతా ఎండిపోయినట్టున్నాడు.

"కొడుకా, ఒకడు పోయిండు. ఇంకొకణ్ని జైలుకు పంపకు. పెద్దోడు గుడ పోతే గీ ఇల్లు ఎవలు చూడాలె? కోడండ్లున్నరు, పిల్లున్నది. డబ్బ దగ్గర కొట్టిందని చెప్పు. నీ నోట్లకెళ్లి గా ఒక్క మాట చాలు."

నేను జవాబు చెప్పేలోగా ఏఈ సారు వచ్చాడు. లైను మీది కొక్కెం చూశాడు, శవం కాళ్లు చూశాడు. నా పక్కన నిలబడి, ఎటో చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "హుక్ అని రాస్తే, ఇంతకాలం ఎందుకు తీయలేదని ముందు మిమ్మల్ని అడుగుతారు. తర్వాత నన్ను అడుగుతారు. మీ రిపోర్టు నా ఫైల్లోనే ఉంది." కళ్లద్దాలు సర్దుకుని, "మీరు చూసింది మీరు చెప్పండి, నేనేమీ అనను" అన్నాడు. ఏమీ అనకుండానే అన్నీ అన్నాడు.

ఆయన ఆ మాట అంటుండగానే ఎవరో కర్రతో కొక్కేన్ని కిందికి లాగేశారు. నేను చూశాను. ఏఈ చూశాడు. ఎవరమూ ఆపలేదు.

పోలీసులు వచ్చి పంచనామా మొదలుపెట్టారు. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు స్టార్టర్ అన్నారు. అప్పుడు గుంపులో నుంచి చనిపోయినాయన భార్య ముందుకు వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. ఆడవాళ్లు ఇద్దరు పట్టుకుంటే విడిపించుకుంది.

"గదెట్ల సారు? ఆయన మోటరు దగ్గరికెందుకు పోతడు? గా మోటరు మాది కాదు. మా చేనుకు బోరే లేదు. చేను సూసొస్తనన్నడు గని నీళ్లు పెడ్తనన్నడా?"

ఎస్సై పెన్ను ఆపాడు. ఆమె అందరి ముఖాలూ చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగింది.

"నువ్వు కరెంటోనివి. నీకు ఎర్కుంటది. నువ్వు చెప్పు సారు, ఆయనకు ఏడ కొట్టింది?"

ఈ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పడానికే నాకు ఆ బట్టలు, ఆ ఉద్యోగం ఇచ్చారు. అంత స్పష్టంగా ఒక మనిషి నన్ను నిజం అడిగిన సందర్భం నా సర్వీసులో ఇంకొకటి లేదు. మట్టిలో కూర్చున్న అన్నను చూశాను. ముసలాయన్ను చూశాను. వాళ్ల కోసమే అబద్ధం చెప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. "నువ్వు చెప్పినట్టే చేసిన" అన్న మాట ఎస్సై చెవిన పడకూడదని, అది రెండో సగం. అదే పెద్ద సగం.

"స్టార్టర్ డబ్బా కొట్టిందమ్మా," అన్నాను. "అందులో వైరు తేలింది."

ఆమె ఇంకేమీ అడగలేదు. వెనక్కి పోయి శవం పక్కన కూర్చుంది. ఎవరో "పాపం, దుఃఖంల ఏం మాట్లాడుతుందో దానికే తెలుస్తలేదు" అన్నారు. నేను సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం కరీంనగర్‌కు, భాయ్‌కి ఫోను చేశాను. అంతా విన్నాడు. "నువ్వు నాకెందుకు చెప్పినవ్ భాయ్?" అన్నాడు చివరికి. "ఆమెకు చెప్పాల్సింది నాకు చెప్పినవ్." ఫోను పెట్టేశాడు. తర్వాత మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆ చావు స్టార్టర్ ఖాతాలోకి పోయింది కానీ, ఏం జరిగిందో పైన అందరికీ తెలుసు. నెల తిరగకుండా ఆదేశాలు వచ్చాయి: ప్రతి సెక్షన్‌లో కరెంటు దొంగతనం కేసులు కట్టాలి, కట్టి చూపించాలి. ఇంకో ఆఫీసు నుంచి తనిఖీ బృందం జీపులో వచ్చింది. ఊళ్లలోకి పోలేదు. ఊళ్లలో సర్పంచులున్నారు, ఫోన్లున్నాయి, జీపు రాకముందే కొక్కేలు మాయమయ్యాయి. బృందం గూడెంలోకి పోయింది.

గూడెం చివరి గుడిసెలో ఒక ముసలాయన లైనుకు తీగ తగిలించి ఒకే ఒక బల్బు వెలిగించుకుంటున్నాడు. భార్యకు చూపు ఆనదని, పొయ్యి దగ్గర వెలుతురు కోసం. ఫొటో తీశారు. బల్బు, తీగ జప్తు చేశారు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. నా సర్వీసు మొత్తంలో దొంగతనం కేసు మీద నేను సాక్షి సంతకం పెట్టింది అదొక్కటే.

ముసలాయన వేలిముద్ర వేసి, ఇంకు అంటిన బొటనవేలు గాలిలో పట్టుకుని, నన్ను అడిగాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు.

"సాహెబ్, నా బల్బుకు ఎవ్వలన్న సచ్చిండ్రా?"

"లేదు తాతా."

"మల్ల గింతమంది ఎందుకచ్చిండ్రు?"

నేను జీపు ఎక్కాను. ఆ నెల మా సెక్షన్ నివేదికలో ఒక కేసు కట్టినట్టు వెళ్లింది. పైనుంచి మళ్లీ ఎవరూ అడగలేదు. మరుసటి వానాకాలం ఊళ్లలో తీగలు మళ్లీ లేచాయి. ఈసారి నేను షరతులు పెట్టలేదు, పీకనూ లేదు. పొద్దున పోవడం మానేశాను. బిల్లులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యూజులు. మిగతా పనులన్నీ బాగా చేశాను. మెమో రాలేదు.

రిటైరైన ఏడాదికి, ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి ఆ ఊరికి పోయాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ఆ అన్నదమ్ముల ఇంటి దగ్గర వాళ్ల బాపు లేడు, పోయిన ఏడాదే కాలం చేశాడట. చనిపోయినాయన భార్య చేను దగ్గర ఉందన్నారు. పోయేసరికి పొద్దు వాలుతోంది. ఆమె గెట్టు మీద కూర్చుని మక్క కంకులు వలుస్తోంది. గుర్తుపట్టింది.

"కూసో సారు," అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కూడబలుక్కున్నదేమీ నోటికి రాలేదు. "ఆ రోజు స్టార్టర్ కాదమ్మా" అన్నాను. తీగలకు షరతులు పెట్టింది నేనేనని చెప్పాను. అంతా చెప్పాను.

ఆమె చేతిలోని కంకి వలవడం పూర్తి చేసింది.

"గది నాకు ఎర్కే సారు. గా పొద్దు నువ్వు నా మొకం దిక్కు సూడకుంట చెప్పినవ్. గప్పుడే ఎర్కయింది."

"తప్పయింది."

"నువ్వు నిజం చెప్తే మా బావ జైలుకు పోతుండె. నేను, నా బిడ్డ మల్ల గా ఇంట్లనే బతకాలె. గందుకే నేను గుడ ఊకున్న." ఇంకో కంకి అందుకుంది. "గని, నన్ను ఒక్కసారి పక్కకు పిలిచి చెప్పుంటే అయిపోవు. నాకొక్కదానికన్న. అందరు డబ్బ అంటే డబ్బ అన్నరు. గంతమంది నడుమ నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని అయిన. రెండేండ్లు నన్ను గట్లనే సూసిండ్రు, మా ఇంటోళ్లు గుడ. నాకే డౌటు వచ్చింది, నిజంగ మోటరే కావచ్చని."

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

ఆమె లేచి కంకులు గంపలో వేసుకుంది. గంప పక్కన ఇనుప తీగ చుట్ట ఉంది. అప్పటిదాకా నేను చూడలేదు. చేను వైపు చూశాను. చుట్టూ కట్టెముక్కలు పాతి ఉన్నాయి.

"నువ్వు కూడానా?" అన్నాను.

"ఏం చెయ్యాలె సారు? గీ చేను నా పాలుకు వచ్చింది. మొగుడు సచ్చినదాని చేను అని పందులకు తెల్వది గదా."

"పొద్దున?"

"నేనే తీస్త. ఎవ్వలను నమ్మ. ఎట్లయిన నాకు నిద్ర రాదు."

చుట్ట విప్పడం మొదలుపెట్టింది. అలవాటైన చెయ్యి. ఎక్కడా ముడిపడకుండా తీగ ఆమె వెంట సాగిపోతోంది. నాలుగు అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"పొద్దుపోతుంది. నువ్వు బాట మీదికెళ్లి పో సారు. ఎవ్వల చేన్లకు దిగకు."

బాట మీదే నడిచాను. ఊరు దాటాక ఆగి ఫోను తీశాను. సెక్షన్ ఆఫీసు నంబరు ఇంకా అందులో ఉంది. ఇప్పుడు ఆ సీట్లో ఉన్నది మీలాంటి కొత్తవాడే. ఫోను చేస్తే వస్తాడు. వచ్చి తీగ పీకుతాడు, రాత్రికి పందులు దిగుతాయి. లేకపోతే రాడు. రెండింటిలో ఏది జరగాలని కోరుకోవాలో తెలియక, బస్సు వచ్చేదాకా ఫోను చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కాను.